నల్ల పట్టీలు తీసేశాక

మా అమ్మకి కెమెరా అంటే పడేది కాదని, అందుకే నాన్న రిటైర్మెంట్ వీడియోలో ఆవిడ సరిగా కనిపించదని మా తమ్ముడు అందరికీ చెబుతుంటాడు. వినేవాళ్ళు పాపం అన్నట్టు తలూపుతారు. అది అబద్ధం. అమ్మ ఆ వీడియోలో ఉంది. మొదటి వరుసలో, జంపఖానా మీద, కెమెరాకి ఎదురుగా కూర్చుంది. ఆవిడ తప్పుకోలేదు. ఆవిడని కోసేశారు.

నాన్న భిలాయి ఉక్కు కర్మాగారం ప్లేట్ మిల్లులో రిటైరైన సాయంత్రం, మా సెక్టారు క్వార్టరు ముందు టెంటు వేశారు. దండలతో నాన్న కుర్చీలో, వెనక ఆయన షిఫ్టు వాళ్ళు నిలబడి, ముందు కింద ఆడవాళ్ళు. నాన్న మైకు పట్టుకుని ఫోర్‌మన్‌కి, క్యాంటీన్ వాళ్ళకి, క్రేన్ నడిపినవాళ్ళకి, చివరికి సైకిల్ స్టాండు మనిషికి కూడా ధన్యవాదాలు చెప్పాడు. ఏ షిఫ్టుంటే ఆ షిఫ్టు వేళకి లేచి జీవితమంతా టిఫిన్ డబ్బా కట్టిన మనిషి మూడడుగుల దూరంలో కూర్చుంది. ఆవిడ ఊసే లేదు. అప్పుడు అమ్మ కెమెరా వైపు తిరిగి ఏదో అంది. చిన్న మాటే. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. నేను లోపల సమోసాలు సర్దుతున్నాను. మైకు వినిపించింది, నవ్వు వినిపించింది, అమ్మ మాట మాత్రం వినిపించలేదు.

క్యాసెట్ వచ్చాక పాత డబ్బా టీవీలో చూశాం. వీడియో తీసినవాడు నాన్న ఉపన్యాసం అవగానే మాటలు తీసేసి షెహనాయి ఎక్కించాడు. మాట లేదు గానీ అమ్మ పెదాలు కదలడం స్పష్టంగా కనిపించింది.

"ఏటన్నావమ్మా?" అనడిగాను.

"ఏటీ లేదు. గేస్ మీద పాలున్నాయి" అని లేచిపోయింది.

తర్వాత నాన్న పోయాడు, వీసీఆర్ పాడైంది, అమ్మా పోయింది. క్యాసెట్ తమ్ముడి బీరువాలో ఉండిపోయింది. ఎప్పుడో ఒకప్పుడు ఆపి ఆపి చూసి, ఆ పెదాల మీంచి మాట పట్టుకోవచ్చని నేను ధైర్యంగా ఉన్నాను. నా బుద్ధితక్కువ.

అమ్మ సంవత్సరీకం నాడు, భోజనాలయ్యాక, తమ్ముడు కొత్తగా కొన్న గోడంత టీవీలో ఆ వీడియో పెట్టాడు. తెర నిండా బొమ్మ. నాన్నకి పాదాలు లేవు. అమ్మకి ముక్కు దాకానే ఉంది. పాపిట, బొట్టు, రెండు కళ్ళు. దాని కింద టీవీ చట్రం.

"నోరేదిరా?" అన్నాను.

"ఏటప్పా?" అన్నాడు. మా వైపు అక్కని అప్పా అంటారు.

"అమ్మ నోరు."

"ఓ, అదా. పాత కేసెట్టు గదా, బొమ్మ వెడల్పు సాలదు. ఇటూ అటూ నల్లగా కాలీ పట్టీ వచ్చేస్తాది. షాపువోడికి సెప్పి ఫుల్ స్క్రీన్ సేయించేసినాను. పైనా కిందా కూసింత పోద్ది, అంతే."

పైన పోయింది టెంటు గుడ్డ. కింద పోయింది అమ్మ.

"అంచులు కొయ్యకుండా ఏ ప్లేటూ మిల్లు దాటదప్పా. ట్రిమ్మింగ్ అంటాం" అని నవ్వాడు. వాడిదీ నాన్న మిల్లే.

"మీ మిల్లులో కోసిన అంచులు కొలిమిలో వేసి మళ్ళీ ఉక్కు చేస్తారు కదా. వీటిని ఎక్కడేశావో చెప్పు, కరిగిద్దాం" అన్నాను.

"వదినా, పాయసం తెస్తాను" అని మరదలు లేచింది. నాకు పాయసం అక్కర్లేదు.

మా వాడొక్కడే కాదు, ఈ సెక్టార్లలో ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. నల్ల పట్టీ కనపడితే చాలు, దుకాణంవాడు తక్కువ తూచినట్టు గింజుకుంటారు. పాత సినిమాల్లో నాయికని అటూ ఇటూ సాగదీసి పూరీలా చేసి చూస్తారు, గానీ పక్కన వేలెడు నలుపుని భరించలేరు. ఆ నలుపు ఉంచి ఉంటే మా అమ్మకి నోరుండేది.

మర్నాడు ఆ షాపుకెళ్ళి అసలు క్యాసెట్ ఇమ్మన్నాను. "ఫంగస్ లగ్ గయా థా, దీదీ. భయ్యా నే హీ బోలా, ఫేంక్ దో" అన్నాడు షాపువాడు. బూజు పట్టిందట, పారెయ్యమని మా వాడే చెప్పాడట. కొయ్యకముందు కాపీ ఉందా అంటే, కాలీ పట్టీతో ఇస్తే కస్టమర్లు తిడతారు కాబట్టి అలాంటివి ఉంచడట.

ఆ రోజు అమ్మ పక్కన నవ్వినవాళ్ళలో ఇక్కడ మిగిలింది ఒక్క పిన్ని. అప్పట్లో మా పక్క క్వార్టరు, ఇప్పుడు భిలాయి-3లో ఉంటోంది. ఆవిడ దగ్గరికీ వెళ్ళాను.

"మీ యమ్మ బలే అంది గదే. నవ్వలేక సచ్చినాం" అంది పిన్ని.

"ఏటంది పిన్నీ?"

"అదే గుర్తు రాట్లేదే. మీ నాన్న మొకం మాత్రం మాడిపోనాది."

వీడియోలో నాన్న మొహం ఉంది. వంద సార్లు చూశాను. నిజమే, మాడిపోయింది. ఆయన మొహం పూర్తిగా ఉంచి, దాన్ని మాడ్చిన మాటని కోసేసి, అమ్మకి కెమెరా అంటే పడదని చెప్పుకుంటున్నారు.

ఇంతకీ, ఆ రోజు అమ్మ ఏటంది?