నూటొకటో పూస

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. నీలం గాజు పూసలు నలభై మూడు. మంచం కిందికీ, తూము కన్నంలోకీ, గుమ్మం నెర్రెల్లోకీ దొర్లిపోయాయి. వంగినవీ, కనబడకుండా పోయినవీ కలిపి సూదులు ఆరు. దగ్గరి చూపు కళ్లజోడు ఒకటి, దాని మీద నేనే కూర్చున్నాను. తెగిన దారం సుమారు నాలుగు మూరలు. ఆదివారం మధ్యాహ్నాలు, ఇది రాసే రోజుకి యాభై ఎనిమిది. మెట్ల కింద నిలబడి, మా వైపు అక్కని పిలిచినట్టు "అప్పా!" అని పిలిచే గొంతు ఒకటి.

పూసలు మళ్లీ కొనుక్కున్నాను. సూదులూ కళ్లజోడూ దారమూ అంతే. చివరి రెండింటికీ బదులు దొరకలేదు.

విజయనగరంలో ఒక గుడ్ల హోల్‌సేల్ కొట్లో లెక్క చూడడం నా పని. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఆ పైన వచ్చిందంతా కేలండరు కాగితాల వెనకా, బస్సు టిక్కెట్ల మీదా అంకెలు కూడుకుంటూ సొంతంగా నేర్చుకున్నదే. పెట్టెకి ఏడు ట్రేలు, ట్రేకి ముప్పై గుడ్లు. లారీలో పెట్టెల వరసలు చూసి మొత్తం గుడ్లెన్నో కాగితం లేకుండా చెబుతాను. మా ఓనరు ఫోన్లో నొక్కి చూసుకుని "సరిపోయినాది" అనడమే తప్ప, పద్నాలుగేళ్లలో ఒక్కసారీ తప్పు పట్టలేదు. గొప్పకి చెప్పడం లేదు. తర్వాత జరిగినదానికి మూలం ఇక్కడే ఉంది.

మా ఆయన పోయి ఏడేళ్లయింది. పిల్లలు లేరు. ఒక మేడ మీద ఒంటి గదిలో అద్దెకుంటాను. సాయంత్రం ఆరింటికి కొట్టు దిగి వచ్చాక, మర్నాడు పొద్దున్న ఏడింటికి మళ్లీ కొట్టు చేరేదాకా నోరు విప్పే అవసరం ఉండదు. అంటే పదమూడు గంటలు. ఆదివారం పన్నెండింటికే మూసేస్తారు కాబట్టి ఆ రోజు పంతొమ్మిది. సెలవు కోసం అందరూ ఎదురుచూస్తారు. నేను మాత్రం ఆ ఆరు గంటలూ ఎలా గడపాలా అని శనివారం నుంచే బెంగపడేదాన్ని.

కింది వాటాలోకి ఒక జంట దిగారు. అతను కరెంటు లైన్‌మన్, వేళాపాళా లేని డ్యూటీ. ఆమెకి ముప్పై ఉంటాయేమో. ఆమెది శృంగవరపుకోట దగ్గర ఒక పల్లె, వ్యవసాయం చేసే ఇల్లు. దిగిన మొదటి ఆదివారమే మేడెక్కి నా గుమ్మంలో నిలబడింది.

"అప్పా, నీకు నీల్లొస్తన్నాయేటి?"

"వస్తన్నాయి."

"నాకు రాటం నేదు. ఏటి సేస్తన్నావు?"

"ఏటీ నేదు."

"ఏటీ నేకుండా ఎలగుంటావప్పా! నాకైతే పిచ్చెక్కిపోద్ది." అని బిందె నా గదిలో నింపుకుని పోయింది. పావుగంటలో ఒక బిస్కెట్ల డబ్బాతో మళ్లీ వచ్చింది. డబ్బా నిండా పూసలు. ఫోన్లో వీడియోలు చూసి దండలు గుచ్చడం నేర్చుకున్నానని చెప్పింది.

"ముందు తువ్వాలు పరు. గచ్చు మీద పోసినావంటే ఇల్లంతా తమదే అంటాయివి."

తువ్వాలు పరిచాను. సూదిలో దారం ఎక్కించడానికే నాకు ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత ఒక్కో పూసా వేళ్లతో తీసి సూదికి ఎక్కించబోతే ఆమె పగలబడి నవ్వింది.

"కోడి గింజలేరినట్టు ఏరతన్నావేటి? గుడ్ల కొట్లో ఉండి నీకూ కోడి బుద్దొచ్చీసినాది. సూదినే గుంపులోకి పొడు, అవే ఎక్కుతాయి."

నిజమే. సూదిని కుప్పలోకి పోనిచ్చి పైకెత్తితే నాలుగైదు పూసలు వాటంతటవే ఎక్కి కూర్చున్నాయి. నా వయసులో ఒక కొత్త పని చేతికి అలవడడం చిన్న సంగతి కాదు. ఆ రోజు గడియారం వైపు చూడడం మరిచిపోయాను.

నా మొదటి చేతిదండ నా చేతికే పట్టలేదు. పూసల లెక్క సరిగ్గానే ఉంది, ముడి పట్టే చోటు లెక్కలో వేసుకోలేదు. "దీన్ని బొమ్మకెట్టు" అంది. రెండోది నీలం పూసలతో ఆమె కోసమే చేశాను. అది సరిపోయింది. గిన్నెలు తోముతున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆ దండ ఆమె కుడిచేతికి ఉండేది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం రెండు కాగానే మెట్ల కింద "అప్పా!" అని వినబడేది. నేను ఒంటిగంటకే తువ్వాలు పరిచి కూర్చునేదాన్ని. పాత కాగితపు గుడ్ల ట్రేలు ఇంటికి తెచ్చి, రంగుకొక గుంట చొప్పున పూసలు పోసి పెట్టేదాన్ని. ఆ ట్రేలు చూసి, "ఎప్పుడు పొదుగుతాయప్పా ఇవి?" అనేది. అలా ఇరవై తొమ్మిది ఆదివారాలు గడిచాయి.

ఒకసారి ఆమె ఆడపడుచులు నలుగురూ నీలం దండలు అడిగారు. ఒక్కొక్కరికి ఆరు పేటలు కావాలి. ఆమె దగ్గర అన్ని పూసలు లేవు. నేను ముందుచూపుతో నలభై సరాలు కొని ఉంచుకున్నాను. కంపెనీవాళ్లు దారానికి గుచ్చి అమ్మే సరాలవి, సరానికి వంద అని చీటీ ఉంటుంది. అందులోంచి పేటకొకటి చొప్పున ఇరవై నాలుగు ఇచ్చాను. నెల తిరక్కుండానే ఆమె అదే రంగు పూసలు విడిగా తెప్పించి, చిన్న చిన్న ప్లాస్టిక్ పొట్లాలు కట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి తెచ్చింది.

"వందేసి, ఇరవై నాలుగు పొట్లాలు. సూసుకో అప్పా."

సూసుకో అని మా వైపు మర్యాదకి అంటారు. నేను నిజంగానే చూసుకున్నాను.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. మాది భావనపాడు. మా అమ్మ ఎండుచేపలు అమ్మేది. కొనేవాళ్ల బుట్టలో మొదటి చేప వేస్తూ "లాభం" అనేది. రెండో చేపకి "ఒకటి", మూడోదానికి "రెండు". లాభానికి అంకె లేదు. నేను నేర్చుకున్న మొదటి లెక్క అదే. ఇచ్చినా పుచ్చుకున్నా మా ఇంట్లో ఆ వరసే. కొట్లో ట్రేలే తప్ప విడిగా లెక్కపెట్టే పని నాకు లేదు. ఇంటి దగ్గర ఒక మనిషితో విడి వస్తువులు ఇచ్చిపుచ్చుకుని ఏళ్లు గడిచిపోయాయి. అందుకే ఆ పాత వరస నాలో ఇంకా ఉందని నాకే తెలియదు. పొట్లం విప్పగానే నా నోరు దానంతటదే "లాభం, ఒకటి, రెండు" అని మొదలుపెట్టింది.

మూడు సాయంత్రాలు పట్టింది. ప్రతి పొట్లంలోనూ తొంభై తొమ్మిదే వచ్చాయి. ఎక్కడా తొంభై ఎనిమిది లేదు, ఎక్కడా వంద లేదు. ఒక మనిషి ఇరవై నాలుగుసార్లు అంత కచ్చితంగా ఎలా తప్పగలదని నేను ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. నా లెక్క మీద నాకు అంత నమ్మకం.

ఆ వచ్చే ఆదివారం ఆమె వచ్చి కూర్చోగానే చెప్పాను.

"పొట్లానికొకటి తగ్గినాది. మొత్తం ఇరవై నాలుగు."

నవ్వింది. "పరాసికాలాడకప్పా."

"లెక్కలో నాను పరాసికాలాడను."

ఆమె సూది తువ్వాలు మీద పెట్టింది. "ఒక్కో పొట్లం రెండేసిసార్లు లెక్కెట్టినానప్పా."

"మరి తగ్గినాయి కదా."

ఆమె కిందికి వెళ్లి, తన దగ్గర మిగిలిన పూసలన్నీ గుప్పిట్లో పట్టుకొచ్చింది. నా అరచెయ్యి చాపమని, ఒక్కోటీ అందులో వేస్తూ పైకి లెక్కపెట్టింది. "లాభం, రెండు, మూడు, నాలుగు..." ఇరవై నాలుగుతో గుప్పిట ఖాళీ అయింది.

"ఒకటేదీ?" అన్నాను.

"ఏటొకటి?"

"లాభం తరవాత ఒకటి కదా. నువ్వు రెండన్నావు. మద్దిన ఒకటి మింగీసినావు. అందుకే పొట్లానికొకటి తగ్గిపోనాది."

"మింగీసినానా?" ఆమె మొహం ఎర్రబడింది. "కల్లంలో మా నాన్న ధాన్యం కొలిసినా లాభం, రెండు అనే కొలుస్తాడు. మా ఊరు ఊరంతా మింగీసినోళ్లేనేటి?"

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆ చెయ్యి మూసి, "పోనీలే, టీ పెడతాను" అని ఉంటే సరిపోయేది. కానీ నాకు లెక్క తేలాలి.

"మీ ఊరి సంగతి నాకెందుకే. నా సేతిలో ఉన్నవి ఇరవై మూడు. ఇంకొకటి రావాల."

ఆమె ఎడమచేతి వేలు కుడిచేతి దండలోకి దూర్చి లాగింది. దారం పుటుక్కుమంది. అందులోంచి ఒక నీలం పూస తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఇప్పుడు సరిపోయినాదా అండీ?"

ఇరవై తొమ్మిది ఆదివారాల్లో ఆమె నన్ను ఎప్పుడూ అండీ అనలేదు. దండలో మిగతా పూసల్ని గుప్పిట్లో పట్టుకుని మెట్లు దిగింది. కొన్ని జారి మెట్టు మీంచి మెట్టుకి దొర్లుతున్న చప్పుడు కిందిదాకా వినబడింది. నేను తువ్వాలు మీద చెయ్యి చాచుకుని అలాగే కూర్చున్నాను.

తర్వాత ఎనిమిది వారాలు కుళాయి దగ్గర కనబడితే "నీల్లొస్తన్నాయండీ" అనేది. నేను "ఆఁ" అనేదాన్ని. తొమ్మిదో వారం అతనికి బొబ్బిలి బదిలీ అయింది. సామాను వ్యాన్లోకి ఎక్కిస్తుంటే కిటికీలోంచి చూశాను. మూటలు పదకొండు, మంచం, గ్యాసుబండ, చివరగా ఆమె ఒళ్లో ఆ బిస్కెట్ల డబ్బా. దిగి సాయపడాలని రెండుసార్లు చెప్పులు వేసుకుని రెండుసార్లూ విడిచేశాను.

కింది వాటాలోకి ఇంకెవరో వచ్చారు. వాళ్లకి నాతో పనేమీ లేదు.

నేను పూసలు గుచ్చడం మానలేదు. మధ్యాహ్నం రెండింటికి చేతులకి ఆ పని అలవాటైపోయింది. ఐదు నెలల తర్వాత నీలం సరాలు మళ్లీ కొన్నాను. ఈసారి కొన్నవి కూడా సరిచూసుకోవడం మొదలుపెట్టాను. మొదటి సరం దారం తెంపి లెక్కపెడితే తొంభై తొమ్మిది. రెండోది తొంభై తొమ్మిది. మూడోదీ అంతే. చీటీ మీద వంద అని వేసి కంపెనీవాళ్లు మోసం చేస్తున్నారని ఒళ్లు మండింది. మర్నాడు దుకాణంవాడికి కళ్లకి కట్టినట్టు చూపించాలని గుడ్ల ట్రేలు నాలుగు ఖాళీ చేసి, ఒక సరం పూసల్ని గుంటకి ఒకటి చొప్పున వేశాను. ట్రేకి నోరు లేదు కాబట్టి నేనూ నోటితో లెక్కపెట్టలేదు.

మూడు ట్రేలు నిండాయి. తొంభై. నాలుగో ట్రేలో ఒక వరస, ఆ పైన నాలుగు గుంటలు. పది.

వంద.

మూడు సరాలూ అలాగే వేసి చూశాను. తర్వాత మా అమ్మ వరసలో నెమ్మదిగా లెక్కపెడుతూ, "లాభం" అన్నప్పుడు వేలి కింద ఉన్న పూసని చూశాను. అది కూడా పూసే. మా అమ్మ వందకి నూటొకటి ఇచ్చేది. తన చేపలు కాబట్టి ఇచ్చుకుంది. నేను ఆ నూటొకటో పూసని ఇంకొకరి దగ్గర అడిగి తీసుకున్నాను. ఆమె పొట్లాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అరచేతిలో వేసిన ఇరవై నాలుగూ ఇరవై నాలుగే. ఆ పైన చేతిదండ తెంపి ఇచ్చిన ఒకటి. అన్నీ ఆమెవే.

ఆమె నంబరు నా ఫోన్లో ఉంది. నాలుగో రోజుకి గాని నొక్కలేకపోయాను. ఎత్తింది.

"నాను మేడ మీద అప్పని. లెక్క నాదే తప్పు. నువ్విచ్చినవి సరిపోయినాయి. నీ పూసలు ఇరవై ఐదు నా దగ్గరుండిపోనాయి."

అవతల కుక్కరు కూత వినబడింది. ఒకటి, రెండు.

"పరవానేదండీ. పూసలకేటి, ఉంచీండి."

ఆ మాటలో కోపం వెతికాను. ఉండుంటే బాగుండేది, ఇంకొంచెం మాట్లాడేది.

"బొబ్బిలొచ్చి ఇచ్చీగలను. బస్సుందిగా."

"ఎందుకండీ మీకు శ్రమ."

"ఇప్పుడు దండలు గుచ్చుతన్నావా?"

"నేదండీ. అప్పుడే మానీసినాను." మూడో కూత వచ్చింది. "కుక్కరు దింపాలండీ, ఉంటాను."

ఆ తర్వాత నేను మళ్లీ చెయ్యలేదు. ఆమె చెయ్యలేదు.

ఆ పూసల్ని ఒక మాత్రల డబ్బాలో విడిగా ఉంచాను. వాటితో ఏమీ గుచ్చను. ఆదివారం రెండింటికి, పని మొదలుపెట్టే ముందు, వాటిని ఒక ట్రేలో పరుస్తాను. ముప్పై గుంటల్లో ఐదు ఖాళీగా మిగులుతాయి. తర్వాత ఒక్కోటీ తీసి డబ్బాలో వేస్తూ ఆమె వరసలోనే పైకి లెక్కపెడతాను. లాభం, రెండు, మూడు. ఆ పంతొమ్మిది గంటల్లో నా గదిలో నా గొంతు వినబడేది అప్పుడే. ఇప్పటికి ఒక్కటి తగ్గలేదు. ఇరవై ఐదు.