తూము పెట్టని గోడ

ఏం పని చేస్తారండీ అని ఎవరైనా అడిగితే "నీళ్ళకి దారి చెబుతాను" అనేది ఆవిడ. చదివింది ఇంజనీరింగే గానీ మేడలూ వంతెనలూ కట్టాలన్న సరదా ఎప్పుడూ లేదు. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళకీ, పాతది పడగొట్టి మళ్ళీ కట్టుకునేవాళ్ళకీ స్థలం ఎంత లేపాలో, నీళ్ళు జారేలా ఏ మూలకి ఎంత వాటం ఇవ్వాలో, చూరు నీళ్ళు ఎటు పోవాలో కొలిచి, గీసి, దగ్గరుండి చేయించేది. మేస్త్రీలు ఆవిడకి "వాటం మేడం" అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు, ఆవిడా పలకడం మొదలుపెట్టింది.

ఇల్లు కట్టేవాడికి ఒక జబ్బుంటుంది. పక్కింటికంటే తన గడప ఒక్క మెట్టయినా ఎత్తుండాలి. రోడ్డు వేసేవాళ్ళది ఇంకో జబ్బు, పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మరో పొర పోస్తారు. రోడ్డు లేచిందని కొత్త ఇల్లు లేస్తుంది. పాత ఇల్లు మాత్రం పాపం, ఎవరూ తొయ్యకుండానే, కూర్చున్నచోటే గుంటలో పడుతుంది. ఈ రెండు జబ్బుల మధ్యే వాటం మేడం బతుకు గడిచింది.

ఒకసారి బట్టల కొట్టాయన ఒకడు పట్టుబట్టాడు.

"పక్కవాడి కంటే మూడడుగులు లేపండి మేడం. ఖర్చుకి వెనకాడను."

"లేపుతాను సార్. మీ వాన నీళ్ళు తిన్నగా వాళ్ళ వంటింట్లోకి పోతాయి, సరేనా?"

"అది వాళ్ళ తలనొప్పి కదండీ!"

"ఇవాళ వాళ్ళది. రేపు వాళ్ళు మీకంటే నాలుగడుగులు లేపితే మీది. నీరు పల్లమెరుగుతుంది గానీ పట్టు చీరలెరగదు సార్."

కొట్టాయన నవ్వి దారికొచ్చాడు. ఆవిడ పద్ధతే అంత. మొహం మీదే అనేసేది, కానీ కోపం రానిచ్చేది కాదు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. పెరట్లో టైల్స్ వేసే ముందు ఎత్తైన మూల నిలబడి ఒక బకెట్టు నీళ్ళు పోయించేది. అప్పుడు ఇంటివాళ్ళతోపాటు పక్కింటివాళ్ళూ అక్కడ ఉండి తీరాలి. ఆ నీళ్ళు ఎవరి గోడకీ తగలకుండా కాలువలో పడ్డాకే కాగితం మీద సంతకం పెట్టేది. ఆ బకెట్టు పుణ్యమా అని మాటలు మానేసిన ఇరుగుపొరుగులు మళ్ళీ కలిసి టీ తాగిన సందర్భాలు బోలెడున్నాయి.

తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆ బకెట్టు బయటికి రాలేదు.

తండ్రి ఇచ్చిన స్థలంలో మెరక సగం అన్నయ్యది, పల్లపు సగం ఆవిడది. మధ్యలో పాత గోడ, ఆ గోడ అడుగున ఒక తూము. అన్నయ్య ఇంటి ముందు రోడ్డు ఏనాడో ఆయన గేటు కంటే ఎత్తుకి లేచిపోయింది. అందుకని ఆయన వాకిట్లో పడ్డ వాన నీళ్ళకి ఆ తూమొక్కటే దారి. అందులోంచి చెల్లెలి పెరట్లోకి వచ్చి, వెనక సందులోని కాలువలోకి పోయేవి.

అన్నయ్య బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆరడుగులు దాటిన మనిషి. "మా ఆయన బస్సు తలుపు దగ్గర తప్ప ఇంకెక్కడా తల వంచడు" అని వదిన వేళాకోళమాడేది. చెల్లెలంటే ఆయనకి ప్రాణం. ఆవిడకీ అంతే. తన పాత ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు, అన్నయ్య వస్తూ పోతూ ఉంటే హాయిగా ఉండాలని మామూలు కంటే ఎత్తుగా తలుపులు చేయించింది. తలుపుల దగ్గర గుర్తొచ్చిన అన్నయ్య గోడ దగ్గర ఎందుకు గుర్తు రాలేదో!

గుర్తు రాలేదనడం కూడా అబద్ధమే. ప్లానులో కాలువ గీసింది. తన స్థలం లేపుతోంది కాబట్టి గోడ వెంబడి లోతుగా ఒక కాలువ కట్టి, పైన బండలు పరవాలి. మూరెడు వెడల్పు చాలు. ఇంతలో వాళ్ళాయన పెద్ద కారు కొన్నాడు. గేటులోంచి తిప్పాలంటే ఆ మూరెడూ కావాలి, బండల మీద చక్రం ఎక్కితే పగులుతాయి. "ముందు గోడ కానిద్దాం, కాలువ సంగతి తర్వాత చూద్దాం" అంది ఆవిడ. ఇంకెవరైనా ఆ మాటంటే చెడామడా తిట్టి ఉండేది.

పాత గోడతోపాటు తూమూ పోయింది. ఆవిడ ఊరందరి ఇళ్ళ దగ్గరా తిరుగుతుంటే కొత్త గోడకి పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టింది అన్నయ్యే. పంచె ఎగ్గట్టి, పైపు పట్టుకుని, ఒక్క ఇటుక కూడా పొడిగా ఉండనిచ్చేవాడు కాదు. మేస్త్రీకి అనుమానమొచ్చి అడిగాడు కూడా.

"సార్, పాత గోడకి తూముండేది. దీనికి పెట్టలేదేంటి?"

"గీసింది మా చెల్లెలయ్యా! దానికి తెలీని నీళ్ళా?"

మేస్త్రీ ఆ మాట ఆవిడకి చేరవేశాడు. ఆవిడ ఫోనులో ఇంకెవరికో వాటం చెబుతూ "చూద్దాంలే" అంది. టైల్స్ వేసేశారు. బకెట్టు పోయిస్తే అన్నయ్యని పిలవాలి. పిలిస్తే ఆయన కళ్ళెదుట ఏం తేలుతుందో ఆవిడకి తెలుసు. అందుకే పోయించలేదు.

మొదటి పెద్ద వాన మధ్యాహ్నం పూట పడింది. ఆవిడ పై వరండాలో టీ తాగుతూ తన వాకిలి చూసుకుని మురిసిపోయింది. చుక్క నిలవకుండా నీళ్ళు ఎంత బుద్ధిగా పోతున్నాయో! ఆ సంతోషంలోనే గోడ అవతలికి చూసింది. వదిన చీర కుచ్చెళ్ళు దోపుకుని చెంబుతో వాకిట్లో నీళ్ళు తోడుతోంది. కిటికీలోంచి అన్నయ్య కనిపించాడు, చీలమండల లోతు నీళ్ళలో ఒంగుని బీరువా కింద ఇటుకలు దోపుతున్నాడు.

ఆవిడ గొడుగైనా తీసుకోకుండా పరుగెత్తింది.

"ఏం కాలేదమ్మా! ఈసారి వాన కొంచెం ఎక్కువ, అంతే" అన్నాడు అన్నయ్య.

"కాదన్నయ్యా, కాలువ లేక. రేపే తవ్విస్తాను."

"కొత్త టైల్స్ పగలగొట్టుకుంటావా? పిచ్చిదానా, వద్దు. నీళ్ళేగా, ఆరిపోతాయి."

వదిన ఆవిడ వంక చూసి మళ్ళీ చెంబు ముంచింది.

అన్నయ్య వద్దన్నాడు కదా అని ఆవిడ ఊరుకుంది. ఆయన వద్దనకుండా ఎలా ఉంటాడు? అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఆయన అడిగే మనిషి కాదని ఆవిడకంటే ఎవరికి తెలుసు? అయినా ఆ మాటనే గట్టిగా పట్టుకుంది, పట్టుకోవడానికి బాగుంది కాబట్టి. ఆ వానాకాలమంతా అవతల చెంబు చప్పుడు వినిపించినప్పుడల్లా ఆవిడ ఏదో ఒక సైటుకి బయల్దేరేది.

వానలు వెనకపట్టాక ఒక రోజు అన్నయ్య గేటు ముందు గ్రావెల్ ట్రాక్టరు ఆగి ఉంది. ఊరంతా తన దగ్గరికొచ్చి ఎంత లేపాలని అడుగుతుంటే, సొంత అన్నయ్య తనకొక మాట చెప్పకుండా ఇంకెవరో మేస్త్రీని పిలిచి గదుల్లో నేల లేపించుకుంటున్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగే మొహం ఆవిడకి లేదు. పని అయ్యాక వెళ్ళింది.

నేల రెండడుగులు లేచింది. గోడలూ కప్పూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కిటికీలు మోకాళ్ళ దగ్గరికొచ్చాయి. ఫ్యాను తలకి తగులుతుందని తీసేశారు. తలుపులన్నీ అడుగున కోసేశారు, ద్వారబంధాలు అన్నయ్య నుదుటి కిందికి దిగాయి. ఆ నుదుటి మీద బొప్పి కట్టి ఉంది.

"భేషుగ్గా కుదిరిందమ్మా. ఇక చుక్క రాదు" అన్నాడాయన, ఒంగుని వంటింట్లోకి పోతూ.

ఆయన అటు వెళ్ళాక వదిన నోరు విప్పింది. గొంతు పెంచలేదు.

"ఊళ్ళో అందరికీ బకెట్టు పోసి చూపిస్తావటగా. మాకూ ఒకటి పోయాల్సింది."

ఆ మాట నిజం. ఆవిడ ఆ గదిలో నిలబడి, తన చదువు మీదా పేరు మీదా మొదటిసారి అసహ్యం పుట్టి, ఏడ్చింది. వదిన ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. కుర్చీ లాగి వేసింది.

మర్నాడే కూలీలు దిగారు. కారు రోడ్డు మీదికి పోయింది. ఆవిడ మొహం చూసి వాళ్ళాయనే తీసి అక్కడ పెట్టాడు. టైల్స్ లేచాయి, గోడకి కన్నం పడింది, లోతుగా కాలువ కట్టి పైన బండలు పరిచారు. అప్పుడు అన్నయ్యనీ వదిననీ పిలిచి, వాళ్ళ వాకిట్లో మూల నిలబడి తన చేత్తోనే బకెట్టు పోసింది. నీళ్ళు కాసేపు తచ్చాడి, తూము దొరకగానే గలగలా వెనక సందులోకి పోయాయి.

"భలే పోతున్నాయే!" అని చప్పట్లు కొట్టాడు అన్నయ్య చిన్నపిల్లాడిలాగా. వదిన కూడా కొంచెం నవ్వింది.

గతజల సేతుబంధనమంటే ఇదే. ఇక నీళ్ళు రావు. కానీ పోసిన గ్రావెలూ, చేసిన గచ్చూ తవ్వించుకోమంటే ఆయన ఒప్పుకోలేదు. "ఈ వయసులో మళ్ళీ ఆ దుమ్మెందుకమ్మా, అలవాటు పడ్డాం" అన్నాడు. ఆవిడ ఈసారి మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ మళ్ళీ నవ్వాడు.

ఆ సాయంత్రం టీకి రమ్మంటే ఇద్దరూ వచ్చారు. వదిన ముందు లోపలికి వచ్చింది. వెనక అన్నయ్య చెప్పులు విడిచి, గుమ్మం దగ్గర ఆగి, ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, నడుము దాకా వంగి లోపల అడుగు పెట్టాడు. ఆయన కోసమని ఎత్తుగా చేయించిన తలుపు. ఆయన నిటారుగా నడిచినా పైన ఇంకా రెండు జానల ఖాళీ ఉంటుంది.

"ఇక్కడ వంగక్కర్లేదన్నయ్యా" అంది ఆవిడ.

ఆయన తలెత్తి పైకి చూశాడు. "అవును కదూ!" అని నవ్వాడు. టీ తాగి వెళ్ళేటప్పుడు మళ్ళీ వంగే వెళ్ళాడు.