చౌడేశ్వరి చెనిక్కాయ బుటా

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో ఆడవాళ్ళ పనికి పేరుండదు. కండెలు చుట్టేది వాళ్ళే, తెగిన పోగు అతికేది వాళ్ళే. ఈ చీర ఎవరు నేశారంటే మాత్రం మొగుడి పేరు చెబుతారు. చౌడేశ్వరి దాని గురించి పెద్దగా బాధపడిన మనిషి కాదు. ఆమె మనసు ఎప్పుడూ వేరేచోట ఉండేది, గళ్ళ కాగితం మీద.

ఆమె నాయన గ్రాఫు గీసే మనిషి. అంచులో హంస రావాలన్నా కొంగులో తీగ పాకాలన్నా ముందు గళ్ళ కాగితం మీద గీయాలి. నిండిన గడి దగ్గర జరీ పైకి తేలుతుంది, ఖాళీ గడి దగ్గర దాక్కుంటుంది. ఆ కాగితం చూసి అట్టలకు చిల్లులు కొడతారు. దండలా కుట్టిన ఆ అట్టలు మగ్గం నెత్తిన ఉన్న జాకార్డు పెట్టెలో తిరుగుతూ, ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో చెబుతాయి. నాయన గీత గీస్తే లోపలి గళ్ళు నింపేది చిన్న చౌడేశ్వరి. గడి దాటి రంగు పోయిందా, నాయన స్కేలుతో వేళ్ళ మీద ఒకటి వేసేవాడు. తర్వాత ఆ కాగితాలకు కాలం చెల్లింది. డిజైన్లు బెంగళూరు నుంచి కంప్యూటర్లో రావడం మొదలైంది. నాయనా పోయాడు. పదో తరగతి అయిన వెంటనే ఓబిలేషును చేసుకున్న చౌడేశ్వరి కండెలు చుట్టుకుంటూ ఉండిపోయింది. నలభై దాటేదాకా అంతే.

ఆమెను మళ్ళీ గళ్ళ దగ్గరికి తీసుకొచ్చింది ఫోను.

మగ్గం మీంచి చీర కోసిన రోజు దానికి ఫోటో తీసి గంగాధరప్పకు పంపాలి. పట్టు, జరీ ఇచ్చి నేయించుకునే షావుకారు ఆయన. ఓబిలేషు ట్యూబులైటు కింద తీసేవాడు. నేరేడు రంగు నల్లగా, పసుపు పాలిపోయి వచ్చేవి. "ఇదేం రంగప్పా" అని గంగాధరప్ప ప్రతిసారీ ఫోను చేసేవాడు. చివరికి ఆ పని చౌడేశ్వరి మీద పడింది. ఎండలో పెడితే జరీ మెరిసి కళ్ళు చెదురుతాయనీ, గడప లోపలి నీడలో పరిస్తే ఉన్న రంగు ఉన్నట్టే పడుతుందనీ నాలుగు చీరలకే ఆమెకు తెలిసిపోయింది. ముందు కొంగుతో కెమెరా అద్దం తుడిచేది. ఎక్కడ స్పష్టంగా రావాలో తెర మీద అక్కడ వేలు పెట్టేది. చెయ్యి వణక్కుండా మోచేతులు డొక్కలకు ఆనించేది.

ఒక మధ్యాహ్నం ఫోటోలు దిద్దే ఆప్‌లో ఒక అంచును చూస్తోంది. పోగు తెగిందేమోనని అనుమానం. రెండు వేళ్ళతో సాగదీసింది. ఇంకా సాగదీసింది. హంస ముక్కు మెట్లు మెట్లయింది. ఇంకా సాగదీస్తే తెరంతా గళ్ళు. ఒక్కొక్క గడికీ ఒక్కొక్క రంగు.

"మామా, ఒకసారి ఈడికి రా."

"కాళ్ళు మగ్గం గుంతలో ఉండాయి నాకు. ఏంది?"

"ఇది గళ్ళ కాగితం."

"ఫోనా?"

"ఫోటో. ఫోటో అంతా గళ్ళే. నాయన గీసినట్టే ఉండాది."

"అయితే ఏమి?"

"అయితే ఏమి అంటావేంది? మనమే గీసుకోవచ్చు."

ఓబిలేషు అడ్డపోగు తోసే నాడె ఆపి ఆమె ముఖం చూశాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆ ముఖం అంతగా వెలిగింది చూసినట్టు లేదు. "ముందు ఆ కండె ఇయ్యి" అన్నాడు.

ఏం గీయాలన్నది మారెక్క గంపలో వచ్చింది. మారెక్కది బత్తలపల్లి దగ్గర వేరుశనగ చేను. ఆ ఏడు వాన అదునుకు పడింది. పచ్చి కాయలను చెట్లతో సహా పెరికి, గంపకెత్తుకుని మగ్గాల వీధికి అమ్మవచ్చింది. ఒక చెట్టును కొమ్మలు పట్టి ఎత్తి మన్ను దులిపి చూపింది. వేళ్ళాడే కాయలు, గుండ్రటి ఆకులు, కొమ్మ నుంచి సన్నగా దిగిన ఊడలు.

"అట్లే పట్టుకో మారెక్కా. కదలొద్దు."

"కాయలు తూకమేయాల్నా, ఫోటోకు నిలబడాల్నా? ఏదో ఒకటి చెప్పు తల్లీ."

"నీకు కాదులే, చెట్టుకు."

"అంతేలే. నన్నెవరు తీస్తారు?"

నడినెత్తిన ఎండ. మొదటి ఫోటోలో ఆకుల నీడ ఆకుల మీదే పడి అంతా ఒక నల్లముద్ద. చౌడేశ్వరి చెట్టును లోపలికి తెచ్చి, ఓబిలేషుది ఉతికిన పంచె గోడకు కట్టి, దాని ముందు దారంతో వేలాడదీసింది. ఇప్పుడు ప్రతి ఊడా విడివిడిగా పడింది. పెళ్ళి చీర మీద ఇంతవరకూ ఎవరూ వేయని బొమ్మ, ఎవరూ నేయని బుటా ఇది.

గంగాధరప్ప ఫోటో చూసి పగలబడి నవ్వాడు. "చెనిక్కాయలా? పెండ్లికూతురు కట్టుకునేదమ్మా ఇది. ఉడకబెట్టుకుని తినేది కాదు."

"మామిడిపిందెలు తినేటివి కాదాన్నా? తాతల కాలం నుంచి అవే కట్టుకుంటాండారు కదా."

ఆయన నవ్వు సగంలో ఆగింది. ఎగతాళి చేసే మనిషే గానీ మొండివాడు కాదు. ఇప్పుడు మగ్గం మీదున్న చీర కోసేశాక నిలువు పోగుల పడుగు కొస కొంత మిగులుతుంది, దాని మీద నేసి చూపమన్నాడు. "బాగుంటే వేద్దాం. బాగలేకుంటే మల్లా ఈ మాట ఎత్తొద్దమ్మా. కొత్త పడుగుకు బెంగళూరోళ్ళ డిజైనే ఎక్కిస్తా."

చౌడేశ్వరి సరేనంది. మళ్ళీ ఎత్తొద్దన్న మాట మాత్రం లోపల ముల్లులా ఉండిపోయింది. ఇది పోతే మిగిలిన జన్మంతా కండెలే.

మగ్గం మీది చీర కోతకు దగ్గరపడేదాకా ఆమెకు ఇంకో లోకం లేదు. ఫోటోలో అడ్డంగా వేల గళ్ళున్నాయి, బుటాకు దొరికేవి నూట ఇరవై పోగులు. ఆప్‌లో ఆ కొలతకు కుదిస్తే చెట్టు కాస్తా ఆకుపచ్చ మరక అయింది. ఊడలు మాయమై కాయలు గాలిలో తేలాయి. సగం గడి అంటూ ఉండదు కాబట్టి, సన్నటి గీత పక్కనున్న రంగులో కలిసిపోయింది. ఫోటోను అడుగున లీలగా పెట్టుకుని, పైన తానే ఒక్కొక్క గడీ నింపడం మొదలుపెట్టింది. చుట్టూ అక్కర్లేనిది కత్తిరించింది. ఆకులు సగానికి సగం తీసేసింది. ఊడ ఒక్కోదానికి ఒక్క గడి వెడల్పే ఇచ్చింది. కాయలకు జరీ కాబట్టి పసుపు, ఆకులకూ ఊడలకూ మీనా, అంటే రంగు పట్టు కాబట్టి పచ్చ, మిగతాది తెలుపు. మూడే రంగులు. పొయ్యి మీద పప్పు రెండుసార్లు అడుగంటింది. ఓబిలేషు మాడింది పక్కకు తీసి తిన్నాడు.

మళ్ళీ కాయలమ్మ వచ్చిన మారెక్కకు చూపిస్తే, ఆమె ఫోనును కంటికి దూరంగా పట్టుకుని చూసింది. "ఈ కాయ యాడనుంచి పుట్టింది? దీనికి ఊడ ల్యాదే" అంది. నిజమే, ఒకటి తప్పిపోయింది. చౌడేశ్వరి అక్కడే నిలబడి నాలుగు గళ్ళు నింపింది.

అట్టలు కొట్టే మిషను రెండు వీధుల అవతల ఉండే పద్మజ దగ్గరుంది. బొమ్మ ఇస్తే కంప్యూటర్లో ఎక్కించి చిల్లులు కొట్టిస్తుంది. చౌడేశ్వరి వాట్సాప్‌లో పంపింది, అట్టలు వచ్చాయి. చీర కోశాక ఓబిలేషు అట్టలెక్కించి మిగిలిన పడుగు ముందు కూర్చున్నాడు. అతడు తొక్కుతుంటే పక్కన కూర్చుని పచ్చ మీనా కండెలు అందించింది చౌడేశ్వరి. బట్ట తిరగేసి నేస్తారు కాబట్టి మంచిముఖం కిందుంటుంది. పూర్వం చిన్న అద్దం పెట్టి చూసుకునేవారు. ఆమె ఫోను కిందికి పెట్టి ఫోటో తీసింది.

ఇద్దరూ చూశారు. ఆకుల చుట్టూ పసుపు చుక్కలు. కాయల మీద పచ్చ చుక్కలు. ఊడలు అక్కడక్కడా తెగిపోయాయి.

"అమ్మవారు పోసినట్టుండాదే" అన్నాడు ఓబిలేషు మెల్లగా.

"పోగు ఏమన్నా తప్పిందా?"

"పోగు తప్పితే ఒక బారున తప్పుతాది. ఇట్ల చుక్కలు చల్లినట్టు తప్పదు. అట్టలే అట్లుండాయి."

"ఇంకెంత ఉండాది పడుగు?"

అతడు బొటనవేలూ చిటికెనవేలూ చాపి కొలిచాడు. "జానెడు. ఒక బుటాకు సరిపోతాది. ఒకటే."

చౌడేశ్వరి చెప్పులేసుకుని పద్మజ దగ్గరికి నడిచింది. దారంతా ఒకటే ఆలోచన. తాను నింపిన గడి తనకు తెలుసు, చుక్కలు తనవి కావు. ఏడుపు రావాల్సింది, విచిత్రంగా ఆత్రమే ఎక్కువైంది. ఎక్కడో ఏదో జరిగింది, అది చూడాలి.

"అక్కా, నువ్వు పంపినదాంట్లో వందల రంగులుండాయి" అంది పద్మజ, బొమ్మ తెరిచి చూసి. "మిషనుకు మూడే కావాలి. కంప్యూటరే దగ్గరి రంగు చూసి మూడుకు దించింది. నేనూ సరిగా చూడలేదు."

"నేను పెట్టింది మూడే."

"యాడ, చూపించు."

కంప్యూటర్లో ఒకటి, చౌడేశ్వరి ఫోనులో ఒకటి పక్కపక్కన పెట్టి సాగదీశారు. ఫోనులో గడికి గడి తెగినట్టుంది. కంప్యూటర్లో పచ్చకూ పసుపుకూ నడుమ ఎవరో తడి వేలితో రుద్దినట్టుంది. పద్మజ ఫైళ్ళ పేర్లు చూసి నాలుక కరుచుకుంది. "నీ దగ్గర పీఎన్‌జీ ఉండాది. నాకు వచ్చింది జేపీజీ. ఫోటో లాగా పంపినావు కదా, వాట్సాప్ జేపీజీ చేసి పంపింది."

"దానికీ దీనికీ ఏం తేడా?"

"జేపీజీ జాగా మిగిలించాలని పక్కపక్క రంగులను కలిపేస్తాది. కన్ను పట్టలేదులే అని దాని ధీమా. ముఖాలకూ మబ్బులకూ బాగానే ఉంటాది. మల్లా మల్లా దాచేకొద్దీ ఇంకా కలుపుతాది. పీఎన్‌జీ ఏ గడిని ఆ గడిగానే ఉంచుతాది."

"కన్ను పట్టకపోయినా మగ్గం పడతాదే" అంది చౌడేశ్వరి. ఆమెకు నవ్వొచ్చింది. గడి దాటినందుకు స్కేలుతో కొట్టే మనిషి ఈ జేపీజీని చూసి ఉంటే ఏమనేవాడో. "ఇప్పుడెట్ల పంపాల?"

"ఫోటోగా వద్దు, డాక్యుమెంటుగా పంపు. అది ముట్టుకోకుండా అట్లే తెస్తాది."

అక్కడే నిలబడి పంపింది. పద్మజ తెరిచి రంగులు లెక్క చూసింది. మూడు. పద్మజ అట్టలు కొట్టినంతసేపూ చౌడేశ్వరి కూర్చోలేదు, మిషను పక్కనే నిలబడింది.

మిగిలిన జానెడు మీద ఓబిలేషు ఆచితూచి తొక్కాడు. జరీ ఒక వరస, మీనా ఒక వరస. ఊడల దగ్గర చౌడేశ్వరి తానే మీనా కండె తోసింది. మధ్యలో ఒకసారి ఫోను కిందపెట్టి చూద్దామంటే ఓబిలేషు వద్దన్నాడు. "అయినాక చూద్దాం. ఇప్పుడు చూస్తే నా కాళ్ళు తప్పు తొక్కుతాయి." చివరి పోగు కొట్టాక తానే ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని, వంగి కిందికి చాపి ఫోటో తీశాడు. మసగ్గా వచ్చింది. రెండోసారి తీశాడు. చూసి ఆమెకు ఇచ్చాడు.

పచ్చటి ఆకులు. ఒక్కొక్క పోగంత సన్నగా దిగిన ఊడలు, వాటి కొసన బంగారు కాయలు. ఒక్క చుక్క లేదు.

గంగాధరప్ప సాయంత్రం వచ్చాడు. గుంత పక్కన గొంతుక్కూర్చుని, బట్ట అంచు ఎత్తి మంచిముఖం చూశాడు. వేలితో కాయల మీద రాశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూశాడు. చౌడేశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆయన లేచి ఓబిలేషుతో అన్నాడు. "ఆ అట్టలు దించొద్దు. అట్లే ఉండనీ."

చౌడేశ్వరికి ఆ మాట అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. బెంగళూరు అట్టలు ఎక్కడం లేదు.

"కొత్త పడుగు ఏ రంగు వేద్దామమ్మా?"

ఇన్నేళ్ళలో ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అలవాటుగా మొగుడి వైపు చూసింది.

"నన్నెందుకు చూస్తాండావు?" అన్నాడు ఓబిలేషు. "నిన్ను కదా అడిగింది."

"అన్నా, పచ్చ వద్దు. మీనా కలిసిపోతాది" అంది గబగబా. "ఎరుపూ వద్దు, అందరూ కట్టేదే. వంకాయ రంగు పెట్టు. కాయలు లేచి కనపడతాయి."

గంగాధరప్ప జేబులోంచి ఫోను తీసి, వీధిలోకి నడుస్తూ అద్దకం వాడికి కలిపాడు. "వంకాయ రంగప్పా, ఒక పడుగుకు. రేపటికే కావాల."