స్టీలు డబ్బాలోని లెక్కల పాఠం

నా భార్య గొంతు మా ఇంట్లో లేదు. ఆవిడ లెక్కల టీచరు. బడులు మూసిన కాలంలో వీడియో పాఠాలు చెబితే, వాటిని పిల్లల ట్యాబుల్లో పెట్టారు. తర్వాత ఆ పని టెండరులో ఒక ప్రైవేటు సంస్థకు వెళ్ళింది. నెట్ తగిలిన ప్రతి ట్యాబులోనూ పాత పాఠాలు చెరిగిపోయి, డబ్బు కడితే తెరుచుకునేవి దిగాయి. నిరుడు ఆవిడ పోయింది. యర్రగొండపాలెం అవతల అడవి అంచు పల్లెలో ఒక పాత ట్యాబు ఇంకా పలుకుతోందని ఆవిడ తోటి టీచరు ఈమధ్య చెప్పింది. దాన్ని కొనుక్కొద్దామని బయలుదేరాను.

మార్కాపురంలో పొద్దున ఏడింటికి బస్సెక్కాను. యర్రగొండపాలెంలో ఇడ్లీ తిని, రానుపోను నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాను.

"అడివి చూసేదానికా సార్?" అన్నాడు డ్రైవరు.

"పాఠం వినడానికి."

"ఈ వయసులో పరీక్షలేంది సార్!" నవ్వాడు. "మా పిల్లకూ ఫోన్లోనే పాఠాలు. మొదటిది ఊరికే ఇచ్చినారు. రెండోదానికి తాళం."

ముందే ఫోన్ చేసినందువల్ల ఆ ట్యాబు ఉన్న ఇంటి మరియమ్మ కూలికి పోకుండా ఆగింది. మూత బిగించిన స్టీలు డబ్బాలోంచి ట్యాబు తీసింది.

"ఇట్ల పెడితే నెట్టు తగలదన్నా. తగిలిందా, మేడం పోతాది. దీన్ని మాత్రం అడగొద్దు. ఫోన్లో రికార్డు చేసుకో."

కొంటానన్న మాట మింగేశాను.

భిన్నాల పాఠం. తెర మీద నా భార్య రొట్టెను నాలుగు ముక్కలు చేసి, ఒకటి నోట్లో వేసుకుని నవ్వింది. చివర "ఏం సామీ, బుర్రకెక్కిందా?" అని ఆగింది. సామీ అని నన్నొక్కడినే పిలుస్తుందనుకునేవాణ్ణి.

నేను నోరు తెరిచేలోపే మరియమ్మ కూతురు కీర్తన "ఎక్కింది మేడం!" అని అరిచింది. తల్లీ గొంతు కలిపింది.

"నీకెక్కలా మా, అబద్ధం!"

"పోవే, నీకంటే ముందే ఎక్కింది."

రోజూ ఇంతేనట.

తిరుగు బస్సులో రికార్డు విన్నాను. ఆవిడ అడిగి ఆగిన చోట వాళ్ళిద్దరి గొంతులే ఉన్నాయి. పాఠాలకు తాళం వేసినవాళ్ళ మీద నాకున్నది కోపం. కుళ్ళు మాత్రం ఈ తల్లీకూతుళ్ళ మీదే. అక్కడ, రికార్డు అయ్యాక ట్యాబు కాసేపు నా చేతిలోనే ఉంది. నా ఫోన్ నెట్ తగిలిస్తే ఆవిడ నాకొక్కడికే మిగిలేది. ఆ ఆలోచన రాలేదని చెప్పను. ట్యాబును డబ్బాలో పెట్టి, మూత నేనే బిగించాను.

ఆ పల్లెకు వెళ్ళేవాళ్ళు ఆటో దిగకముందే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నెట్ ఆపారా అని మరియమ్మ అడగదు. నమ్ముతుంది.