మస్తాన్ స్క్రూ

మూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క వాక్యం. విడివిడిగా చూస్తే అందులో ఏ మాటా అబద్ధం కాదు. అయినా అబద్ధమే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పాప ఇప్పుడే పడుకుంది. ఉయ్యాల కొక్కేలు, కుర్చీ నట్లు అన్నీ తడిమి చూసి వచ్చాను. రోజూ చూస్తాను. "ఏమే, ఇల్లంతా బిగించావా? నన్ను కూడా ఓ చుట్టు తిప్పరాదూ" అంటారు మా ఆయన. ఈ రాత్రి అనలేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

గురజాలలో మాకు కారం పట్టే మరలు తయారుచేసే షెడ్డు ఉంది. మామయ్యది. నేను మెకానికల్ చదివి ఆ ఇంటికి కోడలినయ్యాను. ఏ పార్టు ఎక్కడ వేయాలో కోడలు చెప్తుందని నలుగురిలో అనడం మామయ్యకు గొప్ప. నాకూ గొప్పగానే ఉండేది. మరలో జల్లెడను మాటిమాటికీ మార్చాలి. దాని తలుపుకు బోల్టులు పెడితే స్పానర్ వెతుక్కోవడంతోనే సరిపోతుంది. అందుకని వేళ్లతో తిప్పి బిగించే స్క్రూలు పెట్టిద్దామన్నాను. ప్లాస్టిక్ తలవి వద్దన్నాను, పగిలిపోతాయని. స్టీలువి తెప్పించాను, తల వెడల్పుగా, చుట్టూ గరుకు గీతలతో, కారం అంటిన వేళ్లకు కూడా పట్టు దొరికేలా. మా ఫిట్టరు మస్తాన్ బాబాయిని నిలబెట్టి పాఠం కూడా చెప్పాను. తరచూ తెరిచే చోటే ఇవి వాడాలి, అదిరే చోట పనికిరావు, వదులైపోతాయి అని.

ఆ పాఠం చెప్పింది నేనే. అదే నాకు ఒళ్లుమండే సంగతి. తెలియక చేసి ఉంటే ఎంత బాగుండేది!

ఆ ఏడు దసరాకు నేను కడుపుతో ఉన్నాను. బెల్లంకొండ వైపు నుంచి ఒకావిడ మర కొనుక్కుంది. పండగ పొద్దున్నే తన ఇంట్లో మొదలుపెట్టాలని పట్టుబట్టి, ముందురోజు సాయంత్రం ఆటో తీసుకుని వచ్చేసింది. అప్పటికే షెడ్డులో ఆయుధపూజ అయిపోయింది. స్పానర్లు, సుత్తులు, డ్రిల్లు అన్నీ పసుపూ కుంకుమా పెట్టించుకుని దేవుడి పటం ముందు కూర్చున్నాయి. మర్నాడు మామయ్య హారతిచ్చి తీసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. తీరా చూస్తే మర బెల్టు మీద కవర్ బిగించనే లేదు. మామయ్య గుడికి వెళ్లారు. మా ఆయన పూలకని బజారుకు వెళ్లారు. రేపు రమ్మని ఆవిడకు చెబితే అయిపోయేది. నేను తెలివి చూపించాను.

"చేతి స్క్రూలు మిగిలాయిగా బాబాయ్, అవే పెట్టెయ్. సైజు ఒకటే. స్పానర్ ముట్టుకునే పనే లేదు."

మస్తాన్ బాబాయి కవర్ పట్టుకుని నా వైపు చూశాడు. "అదేంది అమ్మాయ్, అదిరే కాడ పనికిరావని మొన్న నువ్వేగా నా బుర్ర తినింది?"

"ఒక్క పూటకేగా. రేపు పూజ తీయగానే నువ్వెళ్లి బోల్టులు వేసొద్దువు. అందాకా మర వేయొద్దని ఆవిడకు నేను చెప్తాలే."

"చెప్తావు గదా? కడుపుతో ఉన్నోళ్లకి మతిమరుపు చానా అంట."

"నీకున్నంత కాదులే."

నవ్వుకుంటూ బిగించాడు.

ఆవిడ మరకు బొట్టు పెట్టి, అదే చేత్తో నాకూ పెట్టింది. "తొలి కారం మీ ఇంటికే పంపుతానమ్మా" అంది. ఆ మొహం చూశాక పండగ పూట మర వేయొద్దని ఎలా చెప్పను? చెప్పలేదు. మర్నాడు బాబాయి వచ్చి బోల్టులు అడిగితే, ఇంటి నిండా చుట్టాలున్న చిరాకులో, "చెప్పానులే బాబాయ్, రేపెళ్దువు" అన్నాను. అదీ అబద్ధమే. కానీ నేను మొదట చెప్పిన వాక్యం అది కాదు.

ఆ మధ్యాహ్నమే కవర్ ఊడింది. పడిపోతున్నదాన్ని పట్టుకోబోతే ఆవిడ చెయ్యి బెల్టులోకి పోయింది. కుడిచేతి చూపుడువేలు ఇప్పుడు సగమే ఉంది.

మామయ్య ఊడిన స్క్రూ తెచ్చి షెడ్డులో బల్ల మీద పడేశారు. "ఎవురు పెట్టమన్నారు ఇది?"

"కోడలమ్మే చెప్పిందయ్యా" అన్నాడు మస్తాన్ బాబాయి.

మామయ్య నా వైపు తిరిగారు. "ఏమ్మా?"

"జల్లెడ తలుపుకని చెప్పాను మామయ్యా."

ఇదే ఆ వాక్యం. తలుపుకని చెప్పింది నిజమేగా! బాబాయి నోరు తెరిచాడు. నా మొహం చూశాడు, పొట్ట చూశాడు, నోరు మూసుకున్నాడు. జాలిపడ్డాడా? ఎవరూ నమ్మరనుకున్నాడా? ఆ సాయంత్రమే మామయ్య అతన్ని పని మానిపించారు. స్క్రూ పెట్టినందుకు కాదట, తప్పు ఇంటి కోడలి మీదకు నెట్టినందుకట. ఇప్పుడు నడికుడిలో ఎవరి దగ్గరో వెల్డింగ్ చేస్తున్నాడని విన్నాను. విని ఏం చేశాను? ఏమీ చేయలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఏది వదులైనా దాని పేరు 'మస్తాన్ స్క్రూ'. కుర్చీ కాలు ఊగితే మస్తాన్ స్క్రూ. కుక్కర్ పిడి కదిలితే మస్తాన్ స్క్రూ. షెడ్డుకు వచ్చిన ప్రతివాళ్లకూ మామయ్య ఈ కథ చెప్పి, "మా కోడలు ముందే చెప్పింది, వింటేగా" అంటారు. వాళ్లు నన్ను మెచ్చుకోలుగా చూస్తారు. నేను టీ గ్లాసులు అందిస్తాను. ఎన్నాళ్లు వినాలి ఇది? ఆపమని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

మొన్న పాప బొమ్మ బస్సు చక్రం ఊడింది. అది రెండు చేతులూ తిప్పుతూ, "మత్తాన్ కూ" అంది. ఇంకా మాటలే సరిగ్గా రాలేదు, అప్పుడే బాబాయి పేరు వచ్చేసింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో మీకు తెలుసు. "కాదమ్మా, అమ్మ స్క్రూ" అన్నాను. దానికి ఆ మాట తెగ నచ్చింది.

ఈ రాత్రి అన్నాలప్పుడు గిన్నె మూత పిడి ఊడింది. "అమ్మ కూ!" అని అరిచింది పాప.

మామయ్య నవ్వారు. "అమ్మ స్క్రూ ఏందే తల్లీ, మస్తాన్ స్క్రూ అనాలి."

"అమ్మ కూ!" కాలు నేలకేసి కొట్టింది.

"ఎవరు నేర్పారే దీనికి?" అన్నారు మా ఆయన నాతో.

"నేనే. అది చెప్పేదే నిజం" అన్నాను.

మామయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నేను పాపను ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. ఇప్పుడు ఇద్దరూ ముందుగదిలో కూర్చుని ఉన్నారు, టీవీ కూడా పెట్టకుండా. నేను వెళ్లాలి. వెళితే నా నోట మళ్లీ నిజంలా కనిపించే మాటేదో వస్తుందని భయం. అందుకే ముందు ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. బెల్టు కవర్‌కు ఆ స్క్రూలు పెట్టమన్నది నేను. మర వేయొద్దని ఆవిడకు చెప్పనిది నేను. మస్తాన్ బాబాయి చెప్పింది నిజం.