మా బాబాయి చేసే పరిచయాలు

మా బాబాయికి ఒకటే పిచ్చి. మిషన్లను మనుషులకు పరిచయం చెయ్యందే ఆయనకు పూట గడవదు.

కొత్తల్లుడు మొదటిసారి ఇంటికొస్తే, అత్తగారి కంటే ముందు వాషింగ్ మెషిన్‌ని చూపించాడు. "ఇతను మా ఇంటి పెద్దదిక్కు. మంచివాడే గానీ బట్టలు పిండేటప్పుడు కాస్త ఊగిపోతాడు, భయపడకండి." అల్లుడు కంగారులో దానికి నమస్కారం పెట్టేశాడు. వంటింట్లో పిన్ని నెత్తి కొట్టుకుంది.

ఇంటి వరకైతే సరే. బాబాయి పనిచేసేది మున్సిపల్ ఆఫీసులో, అర్జీలు తీసుకునే కౌంటర్లో. నా ఖర్మ కొద్దీ పక్క సీటు నాది. కుళాయి కనెక్షన్, బడిలో సీటు, ముసలివాళ్ళకి ఇంటికొచ్చి సాయం చేసే ఆయా, ఎవరికివ్వాలో ఎవరికి వద్దో ఇప్పుడన్నీ సాఫ్ట్‌వేర్లే తేలుస్తున్నాయి. ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు. లోపల ఎవరో పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుంటూ తమ అర్జీ చదువుతున్నాడనుకుంటారు జనం. బాబాయి ఆ భ్రమ ఉండనివ్వడు.

"రండి, పరిచయం చేస్తాను," అంటూ స్క్రీన్ వాళ్ళ వైపు తిప్పేస్తాడు. "బడి సీట్లు పంచేది ఇతనే. దూరం ఒక్కటే చూస్తాడు. మధ్యలో కాలవుందని ఇతనికి తెలీదు, మీరే చెప్పుకోవాలి."

క్యూ కదిలేది కాదు. ఒకరోజు పెద్దసారు గదిలోంచి ఊడిపడ్డారు.

"ఏమయ్యా, ఇది ఆఫీసా, పెళ్ళిచూపులా?"

"ఏ మిషను తేలుస్తోందో జనానికి చెప్పొద్దాండీ?"

"అడిగితే చెబుదాం."

"ఉందని తెలిస్తే కదండీ అడగడానికి!"

"ఇంకొక్కసారి స్క్రీన్ తిప్పావంటే నిన్ను పాత కాయితాల గదిలో కూచోబెడతాను."

ఆ గదిలో పరిచయాలు చెయ్యాలంటే బొద్దింకలకే చెయ్యాలి.

ఆ వారంలోనే ఒక మామ్మగారు వచ్చారు. ఆయా కోసం పెట్టుకున్న అర్జీకి 'అర్హత లేదు' అని జవాబొచ్చిందట. మోకాళ్ళు పట్టేసి, మంచాన పడ్డ తాతగారిని లేపలేక నానా అవస్థా పడుతున్నారు. అయినా పోట్లాడటానికి రాలేదు. చేతులు జోడించారు.

"పోయినేడు మీ చెత్తబండి అబ్బాయిని నాలుగు మాటలన్నాను నాయనా. అది మనసులో పెట్టుకున్నట్టున్నారు. క్షమించమని చెప్పు."

బాబాయి పెద్దసారు గది వైపు చూశాడు. నా వైపు చూశాడు. స్క్రీన్ తిప్పేశాడు.

"మామ్మగారూ, మీ మీద ఇక్కడెవరికీ కోపం లేదు. కాదన్నది అసలు మనిషే కాదు. రండి, పరిచయం చేస్తాను. ఇదిగో, ఇతను. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే చాలు, మీకు సాయం ఉన్నట్టే అనుకుంటాడు."

"ఇంకో మనిషెవరు?"

"తాతగారు."

మామ్మగారు బిత్తరపోయి, ఆపైన పకపకా నవ్వేశారు. "ఆయన నాకు సాయమా! కాళ్ళూ చేతులూ ఆడిన రోజుల్లోనే మంచినీళ్ళు ముంచుకుని ఎరగరు!"

క్యూ అంతా గొల్లుమంది. తిట్టడానికి వచ్చిన పెద్దసారుకీ ఆ మాట తగిలింది. వాళ్ళింట్లోనూ అదే వరస. ఆవిడ అర్జీ తనే తీసుకుని, ఆయాని పంపమని అక్కడికక్కడే ఆర్డరు వేశారు. ఏ పని ఏ సాఫ్ట్‌వేర్ తేలుస్తుందో, అది ఏమేం చూస్తుందో, కాదంటే ఎవరినడగాలో గుమ్మం దగ్గర బోర్డు పెట్టించమన్నారు. దాని మీద రాసే మాటలు చూసుకోవడం బాబాయి వంతు.

ఆర్డరు టైపవుతుంటే మెల్లిగా అడిగాను. "ఉద్యోగం మీదికి తెచ్చుకుని మరీ ఎందుకు బాబాయ్?"

"కాదనిపించుకున్నవాళ్ళు తప్పు తమలోనే వెతుక్కుంటార్రా. ఆవిడ చూడు, చెత్తబండి దాకా వెళ్ళిపోయింది. కాదన్నదెవరో తెలిస్తే ఆ దిగులు తీరుతుంది."

ఇన్నాళ్ళూ పిచ్చి అనుకుని నవ్వుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన బాబాయి నాకు తెగ ముద్దొచ్చాడు.

వెళ్ళబోతూ మామ్మగారు వంగి, స్క్రీన్‌ని ఎగాదిగా చూశారు.

"కుర్రాడు మంచివాడిలాగే ఉన్నాడు నాయనా. మొగుడుంటే పెళ్ళానికి సాయమనుకుంటున్నాడంటే, పాపం, ఇంకా పెళ్ళి కాలేదన్నమాట!"