కోట పక్క వీధిలో మా కోసం ఉంచిన గది

విజయనగరంలో బస దొరికిందన్న కబురు మొదట మోసుకొచ్చింది మా ఆడపడుచు కూతురు లలిత. దొరికింది ఒకటి కాదు, రెండు. ఒకటి రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జి గది, లిఫ్టు కూడా ఉంది. రెండోది కోట పక్క వీధిలో సత్యవతి గారనే ఆవిడ ఇంటి మేడ మీది గది. మెట్లు ఇరుకు.

ముందే చెబుతున్నాను, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. బడికి పోకపోయినా నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలతో రోజూ నాలుగు పద్యాలు చదువుకుని దీపం పెట్టుకునేదాన్ని. పోయినవాళ్ళు దేవుడి దగ్గరికి పోతారు, అంతే అనుకునేదాన్ని.

మా అత్త నారాయణమ్మకి కళ్ళు పోతున్నాయి. చలికాలం దాటి చూపు నిలవదని డాక్టరు గారు చెప్పేశారు. ఆవిడ కోరింది ఒక్కటే. పైడితల్లి అమ్మవారి సిరిమానును ఒక్కసారి కళ్ళారా చూడాలని. పొడవాటి మాను చివర పూజారి కూర్చుంటే, కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారు.

ఆ ఆశ పెట్టింది ఆవిడ తోటికోడలు గురమ్మ, నాకు పెద్దత్త. నౌపడ ఉప్పు మడుల్లో ఇద్దరూ పక్కపక్కన గంపలు మోశారు. "వచ్చే యేడు తీసికెల్తానే" అని గురమ్మ ప్రతి దసరాకీ అనేది. ఆవిడ పోయి పదకొండేళ్ళు.

నేను లాడ్జికే మొగ్గాను. అత్త మోకాళ్ళకి ఇరుకు మెట్లు పడవు. గది వద్దని లలిత సత్యవతి గారికి ఫోన్ చేసి చెప్పేసింది కూడా.

సిరిమాను సంబరం నాడు పొద్దున్నే రైలు దిగాం. స్టేషన్ బయట తెలిసింది, మధ్యాహ్నం నుంచి కోట వైపు బళ్ళు వదలరట. అంత దూరం అత్త నడవలేదు.

"లిఫ్టు, లిఫ్టన్నావు. సిరిమాను లిఫ్టులోకి వస్తాదేటే?" అంది అత్త.

ఆటో అతను పగలబడి నవ్వాడు. ఏ అరుగు మీదైనా కూర్చోబెడదాం, దేవుడున్నాడు అనుకుని కోట వైపు పోనిమ్మన్నాను. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

సత్యవతి గారి ఇల్లు అడిగి పట్టుకునేసరికి ఆవిడ గుమ్మంలోనే ఉన్నారు.

"ఇంతసేపేటమ్మా? మీ కోసం సుట్టాల్ని తిప్పి పంపేసేను. పెద్దావిడ మెట్లెక్కలేదన్నారని కింద వీధి గదే సర్దేను."

"ఎవరన్నారండీ?"

"తెల్లారి ముగ్గేస్తంటే ఒకావిడొచ్చింది. మా సెల్లి వస్తన్నాది, మెట్లెక్కలేదు, వీధి గది ఉంచమ్మా అంది. మీ ఇంటి మనిసే కదా? కాళ్ళు కడుక్కుని రావద్దా, అరుగంతా ఉప్పు సేసి పోయింది."

చీర పైకి దోపుకుని ఉందట. పిక్కల దాకా తెల్లగా ఉప్పు పేరుకుని ఉందట. అరుగు మీద రెండు పాదాల గుర్తులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు కానీ, ఉప్పు తీసేది ఎండల్లో. దసరా నాటికి మడులన్నీ వాన నీళ్ళ కిందే ఉంటాయి. ఆ రోజుల్లో ఎవరి కాళ్ళకీ ఉప్పు పేరుకోదు.

వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పే. అత్తకి చెప్పలేదు.

మధ్యాహ్నం ఆ అరుగు మీదే కుర్చీ వేశాం. వీధి చివర, జనం తలల పైన, ఇళ్ళ కప్పుల పైన, మాను ఊగుతూ వచ్చింది. అత్త కళ్ళు చికిలించి వెతికింది. ఒక్కసారి రెండు చేతులూ ఎత్తేసింది.

"అదుగో! సూసేనప్పా, సూసేను!"

అప్పా అని, అంటే అక్కా అని, ఆవిడ పిలిచేది గురమ్మనొక్కదాన్నే. మూడుసార్లూ చూసింది. చలికాలంలో చూపు పూర్తిగా పోయింది. మానొక్కటీ ఇంకా కనబడతన్నాదే అంటుంది.

మా వాళ్ళందర్నీ అడిగాను. ఎవరూ ఎవర్నీ పంపలేదు. స్టేషన్‌లో నేను మనసు మార్చుకోకముందే, ఆ తెల్లవారుజామున వచ్చిందెవరో నేటికీ చెప్పలేను. దండం పెట్టుకోవడమే నాకు తెలుసు.

మీరెప్పుడైనా పైడితల్లికి మొక్కితే, నౌపడ గురమ్మను ఒకసారి తలుచుకోండి. ఆవిడ మాత్రం సిరిమానును చూడకుండానే పోయింది.